బస్వరాజ్ కాకాకు చెప్పిన అబద్ధం

హైవే మీద బండ్లు ఆగినప్పుడు నా స్కూటర్ పక్కన అల్లం లారీ వచ్చి నిలబడితే, ఆ తడిమట్టి ఘాటు ముక్కుకు తగలగానే నా చూపు దాని టైర్ల మీదికి పోతుంది. బరువు ఒకవైపు ఒరిగిందా, తాళ్ళు బిగువుగా ఉన్నాయా అని చూస్తాను. ఈ అలవాటు బస్వరాజ్ కాకా చేసింది. సైన్యానికి సరుకులు చేరవేసే విభాగంలో, ఫౌజు మాటలో సప్లైలో, లారీలు నడిపి హవల్దారుగా రిటైరైన మనిషి. జహీరాబాద్‌లో మా పక్కింట్లో ఉంటూ డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నాడు. మేము గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. నాన్న ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు.

నాకు లారీ నడపడం నేర్పింది కాకానే. స్టీరింగ్ ముట్టుకోనిచ్చే ముందు నెల రోజులు చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టాడు. వచ్చే లారీలో ఏముంది, ఎంత దూరం పోతుంది, డ్రైవరు ఎక్కడ అన్నం తింటాడు అని అడిగేవాడు. మొదటి రెండింటికీ తడబడేదాన్ని. మూడోది మాత్రం ఆయన అడగకముందే చెప్పేదాన్ని. ఆ సంగతి ఇంట్లో తన భార్యకు, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమెకు, చెప్పుకుని మురిసిపోయేవాడు.

డిగ్రీ అయ్యాక సైన్యంలో ఆఫీసరు కొలువుకు ఎంపికయ్యాను. శిక్షణ చెన్నైలో. ఏ విభాగంలో చేరాలనుకుంటున్నామో చివర్లో వరుసగా రాసి ఇవ్వాలి. బయల్దేరే ముందు రోజు దీవెన కోసం వెళ్తే కాకా ఆ కాగితం సంగతే ఎత్తాడు.

"మొదటి నంబర్ల సప్లై రాయి బిడ్డా. నీకు గదే సరిపోతది."

నాకు ఒళ్ళు మండింది. "ఆడపిల్లనని బియ్యం, పప్పుల దగ్గర కూర్చోమంటున్నారా కాకా?" అన్నాను.

"గట్ల సమజైందా నీకు," అని ఊరుకున్నాడు. లోపలి నుంచి చిన్నమ్మ, "ఎందుకంటున్నరో జర ఇడమర్చి చెప్పున్రి," అంటూనే ఉంది. వినడానికి నేను ఆగితే కదా. ఇరవై రెండేళ్ళ పొగరు.

ఎయిర్ డిఫెన్స్ మొదట రాశాను, అదే వచ్చింది. విమానాలను కూల్చే తుపాకులు, రాడార్లు, ఫొటోలో గొప్పగానే ఉంటాయి. పని చెడ్డగా చేయలేదు, మనసు పెట్టి చేసిన రోజూ లేదు. రాడారు తెర ముందు కూర్చుని, భోజనాల బండి వచ్చిందో లేదో అని ఆలోచించేదాన్ని. ఎడారిలో విన్యాసాలప్పుడు నీళ్ళ ట్యాంకరు దారి తప్పితే, పైఅధికారిని బతిమాలి నేనే జీపు వేసుకుని వెతికి తెచ్చాను. ఆ కొలువంతటిలో నేను సంతోషంగా ఉన్న పూట అదొక్కటే. కాకా నన్ను తక్కువ చేయలేదని, నన్ను నాకంటే బాగా చదివాడని అప్పుడు అర్థమైంది.

తర్వాత సెలవులో వస్తే కాకా అడిగాడు. "కాగితంల ఏం రాసినవు బిడ్డా?"

ఒప్పుకుంటే పోయేది. "సప్లైయే రాశాను కాకా. ఇవ్వలేదు," అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు. మంచుల రోడ్డు బందైతదని ముందే ఎరుకై, ఒక సప్లై కెప్టెన్ సాబ్ మాకు కిరోసిన్ పంపిండు. గా సాబ్ ఉండబట్టి బతికినం. నువ్వు గా సాబ్ లెక్క ఐతవనుకున్న."

నాకు లేని బాధకు ఆయన నన్ను ఓదారుస్తుంటే తల ఊపాను. వచ్చే సెలవులో చెబుదామనుకున్నాను. ఆ సెలవుకు ముందే కాకా పోయాడు.

పదేళ్ళ కొలువు ముగించుకుని, ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఒక గోదాములో సరుకులు పంపే పని చూస్తున్నాను. తిరిగి వచ్చిన కొత్తలో చిన్నమ్మ చెప్పింది. "మీ కాకా గన్నేండ్లు నౌకరి చేసిన్రు, ఫౌజును ఒక్కమాట అనలే. నీ ముచ్చట వస్తే మాత్రం తిట్టేటోళ్ళు. మా బిడ్డను గుర్తుపట్టలే, గంత పెద్ద ఫౌజుకు కండ్లు లేవాయె అని. దవాఖానల పండి గూడ గదే మాట."

నా పరువు కాపాడుకోవడానికి ఫౌజు మీద ఆయనకున్న నమ్మకాన్ని పోగొట్టాను. జీవితమంతా గౌరవించిన దాని మీద కోపంతో ఆయన వెళ్ళిపోయేలా చేశాను. ఆదివారాలు చిన్నమ్మను చూసి వస్తుంటాను. "నీకు అన్యాయం చేసిన్రు బిడ్డా," అంటుంది ప్రతిసారీ. నేను "అవును చిన్నమ్మా" అంటాను.