గోడకు చెంప ఆనించే మేస్త్రి

గల్ఫ్‌లోని బహ్లాలో మేము బాగుచేసిన పాత మట్టికోట ఈ ఏడాది మళ్లీ అమ్మకానికి వచ్చింది. ప్రకటనలో ఫొటో చూడగానే జగిత్యాల మేస్త్రి గుర్తుకొచ్చాడు. రెండో పూతకు ముందు అతడు గోడకు చెంప ఆనించి తడి చూసేవాడు.

కొనేవాళ్లు వస్తున్నారని తొందరపెట్టి, తొలిపూతకు ఏడు రోజులు నిండాయని సైట్ ఇంజనీరుగా అతడికి లెక్క చూపించాను.

“మీ కాయిదంల ఎండింది గని గోడ ఎండలే సారూ,” అని నవ్వాడు.

అయినా రెండో పూత పెట్టించాను. కొనేవాళ్ల ఎదుటే పూత పెచ్చులుగా రాలింది. యజమాని, అక్కడి మాటలో అర్బాబ్, మండిపడ్డాడు.

“గల్తీ మేరా హై, అర్బాబ్,” అని తప్పు తన మీద వేసుకున్నాడు మేస్త్రి.

మర్నాడే అతణ్ని పంపించేశారు. వెళ్తూ నాతో, “మీరు పోతే సైట్ బందైతది సారూ. నేను పోతే ఇంకో మేస్త్రి వస్తడు,” అన్నాడు.

ఇంకో మేస్త్రి రావడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో ఏ రోజైనా నేను అర్బాబ్‌కు నిజం చెప్పగలిగేవాణ్ని. చెప్పలేదు.