ఎస్తేరు అంగడి మూసిన రెండు రోజులు

కంబదూరులో ఎస్తేరు జిరాక్స్ అంగడి మూసి పారిపోయిందనీ, ఆమె కంప్యూటర్‌కు పట్టిన రోగం రైతుల కాగితాలన్నీ మింగేసిందనీ ఊరంతా తిరిగిన మాటలో నిజం ఒక్కటే: అంగడి రెండు రోజులు మూసి ఉంది. లోపల ఎస్తేరు ఉంది. పక్కన స్టూలు మీద, పొమ్మన్నా పోకుండా గంగక్క ఉంది.

గంగక్కను అక్కడ కూర్చోబెట్టింది ఆరా ఒక్కటే కాదు. బుధవారం పొద్దున ఎస్తేరు పంట బీమా దరఖాస్తులు తెరవబోతే ఫోల్డర్లు మాయమై, వాటి పేర్లతో ఉత్త షార్ట్‌కట్ గుర్తులు మిగిలాయి. గడువు ఇంక నాలుగు రోజులే. ముందు రోజు ఆ కంప్యూటర్‌కు తగిలించినవన్నీ ట్రాక్టర్ల పెన్‌డ్రైవ్‌లు. విత్తనం అదనులో దున్నేవాళ్లకు పాటలు కావాలి, వాటిని ఎక్కించేది ఎస్తేరే. ఒక్కో పెన్‌డ్రైవ్ నాలుగు ట్రాక్టర్లు తిరిగి గానీ ఇల్లు చేరదు. వాటిలో గంగక్క కొడుకు ఎర్రన్నది కూడా ఉంది. రోగం తెచ్చింది అదే అయితే, రేపు ఊరు వేలు చూపేది తన ఇంటివైపే.

"ఎర్రన్నది తెచ్చినా. రోగముంటే పోతాదని ఎండలో పెట్టినా," అంది గంగక్క.

"బూజు పట్టిన శెనక్కాయలా అక్కా, ఎండబెట్టేదానికి? పాటలు పోతే మీవోడు నిన్ను ఎండబెడతాడు."

"మరి అదేం పురుగో చెప్పు."

"పురుగు గాదు. ఎవరో చెడ్డబుద్ధితో రాసిన రాత. తెలీక గుర్తు మీద నొక్కితే లేస్తాది. తన నకలు తానే చేసుకొని, తగిలించిన ప్రతిదాంట్లోకీ దూరుతాది."

ఎస్తేరు అప్పటికే ఇంటర్నెట్ వైరు పీకేసింది. కంప్యూటర్ మొత్తం తుడిచి, విండోస్ కొత్తగా ఎక్కించి, యాంటీవైరస్ పెట్టింది. తర్వాత ఖాళీ రాగుల డబ్బాలోంచి అరచేతంత హార్డ్‌డిస్క్ తీసింది.

"ఇదేంది?"

"విత్తనం కాయలనుకో. ఆకలైనా వాటి జోలికి పోము గదా. శనివారం శనివారం అన్నీ దీంట్లోకి నకలు తీసి, వైరు పీకి పక్కన పెడతా. తగిలించే ఉంచితే రోగం దీనికీ అంటుకుంటాది."

పాత కాగితాలన్నీ అందులో దొరికాయి. శనివారం తర్వాత వచ్చిన పదకొండు దరఖాస్తుల కోసం మాత్రం ఇంటింటికీ నడిచి, వివరాలు మళ్లీ రాసుకొంది. దారిలోనే పెన్‌డ్రైవ్‌లూ అడిగింది.

ట్రాక్టరున్న నల్లప్ప తలుపు సగమే తెరిచాడు. "నీ మిషన్ రోగం మా ఇంటికి తేవద్దు తల్లీ."

"నీ ట్రాక్టర్ పాటలకు మా ఎనుములే బెదిరినాయి. ఇయ్యప్పా," అంది వెనకనుంచి గంగక్క.

పద్నాలుగు పోగయ్యాయి. వాటిలో ఐదింటికి అదే రోగం. ఎస్తేరు అన్నీ శుభ్రం చేసి, ఒకే రకం కవర్లలో పెట్టి ఎవరివి వాళ్లకిచ్చింది. ఆ ఐదూ ఏవో గంగక్క ఎంత తొంగిచూసినా అంతుపట్టలేదు.

శుక్రవారం అంగడి తెరిచింది. తలుపు మీద కొత్త అట్ట: 'ముందు పరీక్ష, తర్వాతే పాట'. పదకొండు దరఖాస్తులూ మధ్యాహ్నానికి ఆన్‌లైన్‌లో వెళ్లిపోయాయి. పెన్‌డ్రైవ్ పట్టుకొని వరుసలో మొదట నిలబడింది నల్లప్పే.

జనం పలచబడ్డాక గంగక్క స్టూలు దగ్గరికి జరుపుకొంది.

"నిజం చెప్పు పాపా. తొలుత తెచ్చింది మావోడిదేనా?"

ఎస్తేరు మౌస్ మీది చెయ్యి తీయలేదు.

"తెలుసక్కా, చెప్పను. పేరు చెప్తే, రేపు రోగం తగిలినోడు నా దగ్గరికి రాడు, దాచిపెట్టుకొంటాడు. పరీక్ష చేయకుండా తగిలించింది నా చెయ్యి. ఎవరన్నా అడిగితే ఎస్తేరు పేరు చెప్పు."