మూత వెనక పిచ్చుక కాలు

పిల్లల వార్డులో ఆమెను అందరూ నిమిషం సిస్టర్ అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. మిగతా నర్సులు నాడి పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో హెచ్చవేసి, చీటీ మీద రాసేసి పక్క మంచానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఈమె మాత్రం అలా కదిలే రకం కాదు. నాడైనా ఊపిరైనా పూర్తిగా అరవై సెకన్లు చూడాల్సిందే, ఒక్కటి తగ్గినా ఒప్పుకునేది కాదు. చంటిపిల్లలు కాసేపు గబగబా ఊపిరి తీస్తారు, కాసేపు మరిచిపోయినట్టు ఊరుకుంటారు, పావు నిమిషం చూసి మొత్తం చెప్పడమంటే సోది చెప్పడమేనని ఆమె వాదన. దాంతో ఆమె టీ రోజూ చల్లారిపోయేది, తోటివాళ్ళకు ఒళ్ళు మండేది.

అయితే ఒకటి. ఆమె రాసిన అంకెను డాక్టర్లు మళ్ళీ చూసేవాళ్ళు కాదు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమెకు పతకాలు రాలేదు, హెడ్ నర్సు పదవి వచ్చినట్టే వచ్చి పక్కావిడ ఒళ్ళో పడింది. మిగిలిందల్లా ఆ నమ్మకమే. దాన్ని ఆమె ప్రాణంగా చూసుకునేది.

ఉద్యోగంలో చేరిన రోజు నాన్న తన చేత్తో కట్టిన వాచీ ఒకటి ఆమెకు ఉండేది. నాన్న వాచీలు బాగుచేసేవాడు. ఆయన పోయాక అదే బల్ల ముందు అన్నయ్య కూర్చున్నాడు. ఒకరోజు మూడో మంచం పిల్లాడు నిద్రలో దొర్లి కింద పడబోతుంటే ఈమె ఒక్క ఉదుటున పట్టుకుంది. పిల్లాడు దక్కాడు, వాచీ మాత్రం ఇనప మంచం కోడుకు కొట్టుకుని డయల్ రెండుగా చీలింది. దీనికి సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదని అన్నయ్య చేతులెత్తేశాడు.

వార్డులోకి ఫోను తీసుకురాకూడదు, గోడ గడియారమేమో అన్ని మంచాలకూ కనపడదు. కాబట్టి వాచీ కొనక తప్పదు. చేతిలో ఉన్నది కొద్ది డబ్బు. అది చూసి ఆమె కంగారు పడలేదు. మంచి వాచీకీ ఖరీదైన వాచీకీ తేడా తెలిసిన ఇంట్లో పుట్టింది కదా. సాయంత్రం డ్యూటీ దిగాక బజారంతా చెప్పులరిగేలా తిరిగింది. మొదటి షాపువాడు బంగారు రంగు పూసిన వాటిని వరసగా పరిచాడు. వాటిల్లో ఒక్కదానికీ అంకెల్లేవు, చుక్కలున్నాయి. "చుక్కలు చూసి పిల్లాడి ఊపిరి ఎట్లా లెక్కపెట్టను బాబూ?" అని బయటికి వచ్చేసింది. రెండో చోట డయల్ లోపల ఇంకో మూడు బుల్లి డయళ్ళు, వాటిలో బుల్లి ముళ్ళు. వాచీ చూస్తున్నామో కరెంటు మీటరు చూస్తున్నామో తెలియలేదు. మూడో షాపులో దొరికింది ఆమెకు కావలసింది. తెల్లటి డయల్, ఒకటి నుంచి పన్నెండు దాకా నల్లటి అంకెలు, సన్నటి ఎర్రని సెకన్ల ముల్లు, కడిగితే మురికి పోయే స్టీలు వెనక మూత.

ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. గుండీ లాగి ముళ్ళు తిప్పి చూసింది. సెకన్ల ముల్లు గీత మీదే పడుతోందా, గీతకూ గీతకూ మధ్య పడుతోందా అని ఒక పూర్తి నిమిషం చూసింది. మూత తిరగేసి, అంచున గీతలేమైనా ఉన్నాయేమోనని వెలుతురుకి పట్టింది. గీతలుంటే అదివరకు ఎవరో తెరిచారని అర్థం. షాపులో పిల్ల నవ్వు ఆపుకుంటూ, "మేడం, మీరు వాచీ కొంటున్నారా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా?" అంది.

"సంబంధమైతే ఇంతసేపు చూసేదాన్ని కాదమ్మా" అంది సిస్టర్.

కొనేసేదే. కానీ అన్నయ్యను అడగకుండా వాచీ కొనడం ఆమె వల్ల కాలేదు. అక్కడి నుంచే ఫోను చేసింది.

"షాపువాళ్ళ మాటలు నమ్మకే పిచ్చుకా" అన్నాడు అన్నయ్య. చిన్నప్పటి నుంచీ ఆమెను అలాగే పిలుస్తాడు. "సగం డబ్బు వాళ్ళ అద్దాలకీ లైట్లకీ పోతుంది. ఆ డబ్బేదో నాకియ్యి, అంతకన్నా మంచిది నేను తెచ్చిపెడతా. నేనుండగా నీకు బజారెందుకు?"

ఆ ఆఖరి మాటకు ఆమె మనసు నిండిపోయింది. డబ్బు అన్నయ్య చేతిలో పెట్టి వచ్చింది. పది రోజులకు అతను వాచీ ఇచ్చాడు. పెట్టెలో ఉంది, అద్దం మీద పల్చటి కాగితం అంటించి ఉంది. తెల్ల డయల్, నల్ల అంకెలు, ఎర్ర ముల్లు. అచ్చం ఆమె చెప్పినట్టే. షాపులో వాచీని చెవి దగ్గర పెట్టి, తిరగేసి, వెలుతురుకి పట్టి చూసిన మనిషి దీన్ని ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. అన్నయ్య ఇచ్చిన వాచీని పరీక్ష చేస్తారా ఎవరైనా? మర్నాడు వార్డులో ఆయాకు కూడా చెయ్యి చాపి చూపించింది. మా అన్నయ్య చూసి ఇచ్చాడు అంది, ఒకసారి కాదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

నెల తిరక్కముందే తేడా మొదలైంది. ఏడాదిన్నర పాప ఊపిరి నిమిషానికి నలభై మూడని ఈమె రాసింది. ఆ వయసుకు నలభై దాటితే న్యుమోనియా అనుమానించాలి. పాపను వేరే గదికి మార్చారు, ఎక్స్‌రే తీశారు, తల్లి గుమ్మం దగ్గర కూలబడి ఏడ్చింది. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు మళ్ళీ లెక్కపెడితే ముప్పై ఎనిమిది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. "పర్లేదు సిస్టర్, ఒక్కోసారి అవుతుంది" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆమెతో ఎవరూ అనని మాట అది. వారం తిరక్కుండా ఇంకో పిల్లాడి విషయంలోనూ అదే జరిగింది, తర్వాత మరొకటి. ప్రతిసారీ ఆమె అంకె ఎక్కువే వచ్చేది. ఆమె అటు తిరగ్గానే జూనియర్ నర్సు మంచం దగ్గరికి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టడం అద్దం తలుపులో కనపడింది. ఆ పూట సిస్టర్‌కు అన్నం సహించలేదు.

వాచీ మీద అనుమానం రాలేదా అంటే, వచ్చింది. రోజూ రెండు మూడు నిమిషాలు వెనకపడుతోందని అన్నయ్యకు చూపించింది కూడా. అతను దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, "చూడు, ఎంత చక్కగా నడుస్తోందో. కొత్తది, సర్దుకోవడానికి కాస్త టైం పడుతుంది" అన్నాడు. ముల్లు నిజంగానే చక్కగా నడుస్తోంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "యాభై దాటావు కదా పిచ్చుకా, ఒకసారి కళ్ళు చూపించుకోరాదూ?" అన్నాడు. అన్నయ్య కదా, తన మేలు కోరే చెప్పాడనుకుంది. వెళ్ళి చూపించుకుంది. పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే, అంత చిన్న పవరని కళ్ళ డాక్టరు చెప్పినా వినకుండా కళ్ళజోడు చేయించుకుంది. కళ్ళజోడుతో కూడా అంకెలు ఎక్కువే వచ్చాయి. దాంతో తన బుర్రే మొద్దుబారిందనుకుని రిటైర్మెంటు కాగితాలు ఎక్కడ దొరుకుతాయో ఆఫీసు గుమాస్తాను వాకబు చేసింది. మనిషి తన చేతిమీద తనకే నమ్మకం పోగొట్టుకోవడం కన్నా నరకం ఉంటుందా?

ఒక మధ్యాహ్నం వాచీ పట్టీ పిన్ను ఊడిపోయింది. అన్నయ్య పనుండి రెండు రోజులు ఊళ్ళో లేడు. బస్టాపు పక్కన గొడుగంత కొట్లో ఒక ముసలాయన వాచీలు బాగుచేస్తాడు, పిన్నే కదా అని అక్కడ ఆగింది. ముసలాయన పిన్ను వేసి, పట్టీ సరిగ్గా కూర్చుందో లేదోనని వాచీని నిలువుగా పట్టుకుని చూశాడు. అలా చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మా, ఇది ఆగుతోంది కదా."

"లేదండీ, నడుస్తోంది."

"పడుకోబెడితే నడుస్తోంది. నిలబెట్టండి, మీరే చూడండి."

చూసింది. ఎర్ర ముల్లు పన్నెండు నుంచి బాగానే దిగింది, ఆరు దాటి పైకి ఎక్కడం మొదలుపెట్టింది, ఎనిమిది దగ్గర ఆగింది. అక్కడే వణికింది. ఏడెనిమిది సెకన్లు అలా కొట్టుకుని మళ్ళీ కదిలింది. లోపల చక్రం పళ్ళు అరిగాయని, ముల్లును పైకి మోసే ఓపిక దానికి లేదని ముసలాయన చెప్పాడు. సిస్టర్ ఎప్పుడూ ముల్లు పన్నెండు మీదకు రాగానే లెక్క మొదలుపెట్టేది, మళ్ళీ పన్నెండుకు చేరేదాకా కళ్ళు పిల్లల ఛాతీ మీదే ఉంచేది. మణికట్టు నిలువుగా పట్టుకున్నప్పుడల్లా ఆమె నిమిషం డెబ్భై సెకన్లకు దగ్గరయ్యేది. పన్నెండు నుంచి మూడు దాకా చూసి వదిలేసే పావు నిమిషం నర్సులైతే ఈ వాచీతో జీవితాంతం హాయిగా బతికేవాళ్ళు.

"కొత్తదండీ" అంది నీరసంగా.

ముసలాయన మూత తెరిచాడు. కంటికి భూతద్దం తగిలించుకుని మూత లోపలివైపు చూసి, భూతద్దం తీసి ఆమెకు ఇచ్చాడు. "కొత్తది కాదమ్మా. మూడుసార్లు విప్పారు. విప్పినవాడు నిజాయితీపరుడే, ప్రతిసారీ తేదీ వేసి గుర్తు పెట్టాడు. ఆఖరున ఇంటూ కూడా కొట్టాడు, ఇది ఇక బాగుపడదని. ఈ గుర్తు ఎవరిదో మీకేమైనా తెలుసా?"

స్టీలు మూత మీద సూదితో గీసిన మూడు తేదీలు. ప్రతి తేదీ పక్కనా ఒక చుక్క, చుక్క నుంచి విచ్చుకున్న మూడు గీతలు. పిచ్చుక కాలు.

అప్పట్లో ఆమెకు ఆరేళ్ళు, అన్నయ్యకు పదహారు. వాచీ బాగుచేసేవాడికి సొంత గుర్తు ఉండాలి, మూత లోపల గీయాలి, రేపు అది మళ్ళీ వస్తే నీ పనికి నువ్వే సాక్షివి అని నాన్న అన్నయ్యకు చెబుతున్నాడు. అన్నయ్యకు ఏం గీయాలో తోచక తల గోక్కుంటుంటే, ఈమె బల్ల ఎక్కి సూది లాక్కుని పాడైన మూత మీద పిచ్చుక కాలు గీసింది. నాన్న పగలబడి నవ్వాడు. ఇదే నా గుర్తు అన్నాడు అన్నయ్య. ఆ రోజు నుంచే ఆమె పిచ్చుక అయింది. ఇంటూ సంగతి కూడా నాన్న చెప్పిందే. మూడుసార్లు చేసినా బాగుపడకపోతే ఇంటూ కొట్టి, వాచీ తెచ్చిన మనిషితో నిజం చెప్పి తిరిగి ఇచ్చెయ్యాలి.

మూడో తేదీ చూసింది. అన్నయ్య ఆమెకు వాచీ ఇవ్వడానికి సరిగ్గా రెండు రోజుల ముందుది.

"తెలీదండీ" అంది ముసలాయనతో. తోడబుట్టినవాడి పరువు బజారులో తీయడానికి నోరు రాలేదు. పిన్నుకు డబ్బులిచ్చి వచ్చేసింది. వాచీ పోతే పోయింది. కళ్ళు చూపించుకోమన్నాడే, ఆ మాట ఎలా వచ్చింది వాడి నోటికి? మూత లోపల ఇంటూ కొట్టిన చేత్తోనే తన భుజం తట్టి పంపాడు కదా.

అన్నయ్య ఊరి నుంచి రాగానే కొట్టుకు వెళ్ళింది. వాచీ బల్ల మీద పెట్టింది.

"సెకన్ల ముల్లు ఆగుతోంది అన్నయ్యా. మూత తీసి చూడు."

"తీయడమెందుకు, నడుస్తోందిగా."

"తియ్యి."

తీశాడు. భూతద్దం పెట్టుకుని మూత మీదికి వంగాడు. తల ఎత్తకుండానే, "ఇది నా గుర్తు కాదే. ఇలాంటి గీతలు ఎవడైనా గీస్తాడు. నాకు అమ్మినవాడు నన్నూ మోసం చేసినట్టున్నాడు" అన్నాడు. ఆమె మూత మీద నుంచి కళ్ళు తీయలేదు. ఆ చూపు అతనికి ఊపిరాడనివ్వలేదు కాబోలు, మాటలు పెంచాడు. "అయినా మీ నర్సులంతా చూసేది పదిహేను సెకన్లేగా. ముల్లు ఎనిమిదికి వచ్చేదాకా ఎవరు చూస్తారు చెప్పు?"

"నేను చూస్తాను. నీకు తెలుసు." అంది ఆమె. "ముల్లు ఎనిమిది దగ్గర ఆగుతోందని నేను నీకు చెప్పలేదు అన్నయ్యా."

అతని చేతిలో పట్టకారు బల్ల మీద పడింది. ఆ మొహంలో సిగ్గు ఉందో విసుగు ఉందో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలనీ లేదు.

"గుర్తు నీది కాదన్నావు. నిజమే, అది నేను గీసింది. ఇవాళ్టి నుంచి నువ్వు వేరేది చూసుకో" అని వాచీ అక్కడే వదిలేసి మెట్లు దిగింది. వెనక నుంచి పిచ్చుకా అన్న పిలుపు వినపడింది. వెనక్కి తిరగలేదు.

మరుసటి నెల జీతం అందగానే మూడో షాపుకు వెళ్ళింది. తెల్ల డయల్, ఎర్ర ముల్లు వాచీ అక్కడే ఉంది. ఈసారి నిలబెట్టి మూడు నిమిషాలు చూసింది. మర్నాడు వార్డులో తొమ్మిది నెలల బాబు మంచం పక్కన నిలబడి అరవై సెకన్లూ లెక్కపెట్టి నలభై రెండు అని రాసింది. కుర్ర డాక్టరు చీటీ చదివాడు. చదివి, స్టెతస్కోపు బాబు ఛాతీ మీద పెట్టి తన వాచీ చూసుకుంటూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. సిస్టర్ పక్కనే నిలబడి ఆ నిమిషమంతా ఓర్చుకుంది.

"నలభై రెండే" అన్నాడు డాక్టరు. తర్వాత ఆమె చేతివైపు చూసి, "కొత్త వాచీనా సిస్టర్? మీ అన్నయ్యే చూసి ఇచ్చారా?"

"లేదు డాక్టరు గారూ. నేనే చూసుకున్నాను."