మల్లేశ్ విన్న మాట

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్లు భూమి కింద చీకట్లో పనిచేసినా ఒక్కసారీ ఏమీ కనిపించలేదు. ఇది కూడా దయ్యం గురించి కాదు. అయినా ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

శ్రీరాంపూర్ వైపు ఒక బొగ్గుబాయిలో నేను సర్దార్‌గా ఉండేవాణ్ణి. మనుషుల్ని లోపలికి పంపేముందు పైకప్పును కడ్డీతో కొట్టి, చప్పుడును బట్టి గట్టిగా ఉందో లేదో చూడడం నా బాధ్యత. ఆరేళ్ల కిందట ఒక రోజు బద్ధకించి కొట్టలేదు. కప్పు కూలి, నా కింద పనిచేసే మల్లేశ్ కాలు విరిగింది. విచారణలో నేను, "ఆగుమన్న సార్. ఇనకుండ పోయిండు" అన్నాను. తప్పంతా అతని మీద పడింది. కోలుకుని పనిలోకి వచ్చాక కూడా నాతో మాట్లాడలేదు.

నిరుడు మా శిక్షణ కేంద్రానికి పరిశోధకులు వచ్చారు. ఇద్దరు కలిసి పనిచేసేటప్పుడు వాళ్ల మెదళ్లలో ఏం జరుగుతుందో చూస్తారట. ఖాళీ హాల్లో ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటే ఇద్దరికీ ఒకే బొగ్గు సొరంగం కనిపిస్తుంది. పక్క మనిషీ కనిపిస్తాడు. నెత్తిన వైర్ల టోపీ. ఇద్దరి మెదళ్ల కదలికలు తెర మీద రెండు గీతలుగా సాగుతుంటాయి. చీటీలు తీస్తే నాకు జోడీగా మల్లేశ్ వచ్చాడు.

"సర్దార్ సాబ్, గీడనన్న కప్పు కొట్టి చూస్తవా?" అన్నాడు. గోడవార నిలబడి చూస్తున్న మిగతా కార్మికులు నవ్వారు.

కడ్డీ ఎత్తాను. పైనున్నది ఉత్త బొమ్మేనని తెలిసినా కొట్టకుండా నిలబడిపోయాను. ఆ రోజు నేను కొట్టలేదు, అబద్ధం చెప్పాను అని మనసులో అనుకున్నాను. పెదవి కదపలేదు.

వెనక, కప్పుకు ఆసరాగా నిలబెట్టే దుంగ పట్టుకుని వస్తున్న మల్లేశ్ ఆగిపోయాడు.

"గిన్నేండ్లకు నోరొచ్చిందా నీకు?" అన్నాడు.

ఆ తర్వాత మేం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నేను చెయ్యి చాచేలోపే దుంగ అందేది. అతను ఎటు జరుగుతాడో చూడకుండానే తెలిసేది.

బయటికి వచ్చాక పరిశోధకురాలు తెర చూపించింది. అంతదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న గీతలు, నేను కడ్డీ ఎత్తి నిలబడ్డ చోటు నుంచి కలిసి లేచి, కలిసి వాలాయి. జోడీ కుదిరితే కొంత కలవడం మామూలేనట. ఇంతగా కలవడం తను చూడలేదంది.

"ఇక్కడ సార్ ఏమన్నారు?" అని మల్లేశ్‌ను అడిగింది.

"ఆ దినం కప్పు కొట్టలేదన్నడు. అబద్ధం చెప్పిన అన్నడు."

"రికార్డులో ఆయన గొంతే లేదు."

మూడుసార్లు వినిపించింది. మల్లేశ్ మాటకు ముందు నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మీ మిషన్ ఖరాబైనట్టుంది. నా చెవులతోటి ఇన్న" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. అననే లేదని తప్పించుకోవచ్చు. ఆ బుద్ధి నాకు ఆ క్షణంలోనూ పుట్టింది. కానీ ఈసారి నోటితో చెప్పాను. మరునాడు మేనేజరుకు రాసిచ్చాను. సర్దార్ పని పోయింది. ఇప్పుడు పైన, దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో ఉన్నాను.

కళ్లద్దాలు బొమ్మను పంచుతాయే గానీ మనసులో మాటను మోయవని ఆమె నమ్మకంగా చెప్పింది. మల్లేశ్ అబద్ధమాడే మనిషి కాడు. ఆ ముడి నాకు విడలేదు.

నా మాట ఎంత మెల్లగా వినబడిందని ఒకసారి అతన్ని అడిగాను.

"మెల్లగనా?" అన్నాడు. "బాయంత దద్దరిల్లేటట్టు ఒర్రినవ్."