ఎర్రబస్సు పాము

నా చిన్నప్పుడు పత్తికొండ దగ్గర మా ఊరికి పాముల పేర్లు రాసుకునే సారు ఒకాయన వచ్చాడు. కర్నూలు కాలేజీలో పాఠాలు చెప్పేవాడట. ఏ పామును ఏ ఊళ్లో ఏమంటారో అడిగి పుస్తకం వేయాలని ఆయన తపన. చేతిలో నలభై పాముల బొమ్మలున్నాయి. నలభై కాదులెండి, ఐదు.

మా ఊళ్లో పాము పేరెత్తితే దాన్ని పిలిచినట్టేనని భయం. అందుకే అన్నిటికీ ఒకటే మాట, పురుగు. సారు ఏ గడపలో ఏ బొమ్మ చూపినా "పురుగు సారూ" అన్నారు. మధ్యాహ్నానికి ఆయన నోటుబుక్కు నిండా పురుగులే. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవాలి. ఆయన ముఖం చూసి నాకు జాలేసింది. జాలి అబద్ధం, ఆయన సంచిలో బిస్కెట్లు చూశాను.

నాకన్నీ తెలుసన్నాను. వేగంగా పోయేది ఎర్రబస్సు పాము. పచ్చనిది చిలకపాము. చారలది దర్జీపాము. గొలుసు మచ్చలది బేడీలపాము. తలా తోకా ఒకేలా ఉండేది సగంపాము. పేరుకో బిస్కెట్. సారు నవ్వకుండా రాసుకున్నాడు, ప్రతిదాని పక్కనా నా పేరుతో సహా.

తర్వాత తిన్నగా మా ఇంటికొచ్చి, శెనక్కాయలు ఒలుస్తున్న మా అవ్వ ముందు కూర్చుని, ఒక్కో బొమ్మా చూపిస్తూ నేను చెప్పిన పేర్లు గట్టిగా చదివాడు. మొదటి పేరుకే అవ్వ చేతులు ఆగిపోయాయి.

"ఎర్రబస్సా? యాడి పేరప్పా అది! జెర్రిపోతు గదా!"

నోరు జారానని తెలిసి చెంగు అడ్డం పెట్టుకుంది. సారు తాపీగా రెండోది చదివాడు. ఇక అవ్వను ఆపేవాళ్లెవరు?

"చిలకంట! పసిరిక అది. దర్జీ యాడిది, కట్లపాము. కరిస్తే బతకరు, దాంతో ఆటలా? ఈ గొలుసులది రక్తపింజరి. సరిగ్గా రాసుకో సారూ, శానామంది సదువుతారు!"

ఐదోది చదివేలోగా మేక చిక్కుడు పాదులో పడింది. అవ్వ కర్ర పట్టుకుని పరుగెత్తింది. బస్సు వేళయిందని సారు కూడా లేచాడు. నా సగంపాము, పక్కన నా పేరు, పుస్తకంలోకి పోతున్నాయి. మొదట గర్వంగా అనిపించింది. కాసేపటికి, అందరూ చదివే ఆ అబద్ధం పక్కన ఉండేది నా పేరేనని తట్టింది.

బస్సు వెనక రెండు మైళ్ళు పరుగెత్తాను. నిజానికి బస్సింకా కదల్లేదు. కిటికీ కింద నిలబడి, సగంపాము నేను కల్పించిందనీ, మావాళ్ళు గుట్టుగా పూడుపాము అంటారనీ ఒప్పుకున్నాను.

"మీ అవ్వ నోరు తెరిపిచ్చింది నీ అబద్ధాలే గదప్పా! ఆ ఒక్కటీ నువ్వొచ్చి చెప్తావేమోనని చూస్తాండా" అని సారు పగలబడి నవ్వాడు. తప్పుడు పేరు కొట్టేశాడు. నా పేరు మాత్రం అలాగే ఉంచాడు.

ఇప్పటికీ ఏ మాటనైనా పెంచకుండా చెప్పలేను. కాకపోతే వినేవాళ్ళు లేచి వెళ్ళేలోగా దాన్ని అసలు కొలతకు తెచ్చేస్తాను. పక్కన ఎవరో నా పేరు రాసుకుంటున్నట్టే ఉంటుంది మరి.