మాస్టారు అడిగిన నాలుగు మాటలు

మాస్టారు పోయారని మా ఆవిడ పొలానికి వచ్చి చెప్పింది. ఆ వేళప్పుడు తను పొలానికి రాదు. గట్టు చెక్కుతున్నవాణ్ణి, పార ఆపి చూశాను. "తెల్లారగట్ట నిద్రలోనే పోయారంట" అంది. నా చేతిలో పార తీసుకుని, "వెళ్ళండి. ఇప్పుడైనా వెళ్ళండి" అంది.

ఆ 'ఇప్పుడైనా' ఎందుకందో మా ఇద్దరికీ తెలుసు. నాకు రాయడం పెద్దగా రాదు. మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను, అంతే. మాస్టారి దగ్గర చదివి పైకొచ్చినవాళ్ళు ఆయన గురించి నాకంటే బాగా రాస్తారు. కానీ నేను చేసిన పని వాళ్ళు రాయరు. అది నేనే రాయాలి.

ఆయన మా ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. రిటైరయ్యాక కూడా, ఇంగ్లీషులో తప్పేలా ఉన్న పదో తరగతి పిల్లల్ని ఆదివారాలు బడిలోనే ఒక గదిలో కూర్చోబెట్టి ఊరికే చదువు చెప్పేవారు. ఎక్కువమంది పొలం పనులకు వెళ్ళేవాళ్ళ పిల్లలే. మా తమ్ముడి కూతురు కూడా ఒక ఏడు వెళ్ళింది.

ఆయన పద్ధతి వేరు. ఒక్క ఇంగ్లీషు మాట పట్టుకుని వారాల తరబడి వదిలేవారు కాదు. ఆ ఏడు కట్ అనే మాట పట్టుకున్నారు. కట్ అంటే ఏంటని అడిగితే పిల్లలు 'కోయుట' అని ఊరుకునేవారట. ఇంగ్లీషులో ఆ మాటకి దగ్గరి మాటలు చాలా ఉన్నాయనీ, పిల్లలకి అన్నీ ఒకేలా కనబడుతున్నాయనీ ఆయన బాధ. ఆ తేడాలు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉన్నాయని, వాటిని చూపిస్తే ఇంగ్లీషు మాటలు వాటంతట అవే పట్టుబడతాయని ఆయన నమ్మకం.

అందుకని మా చెరుకు తోటకి వచ్చారు. గట్టు ఎక్కేముందు చెప్పులు విప్పేశారు. "చెప్పులేసుకోండి మాస్టారూ, ముళ్ళుంటాయి" అంటే వినలేదు. జేబులోంచి చిన్న చిన్న కాగితం ముక్కలు తీశారు.

"ఇప్పుడు నువ్వు చేస్తున్నదాన్ని ఏమంటావయ్యా?"

"చెరుకు నరుకుతున్నానండి."

"కోస్తున్నానని అనవా?"

"వరైతే కోస్తామండి. చెరుకు నరుకుతాం."

రాసుకున్నారు. వరి కోస్తే రీప్ అట, చెరుకు నరికితే చాప్ అట. గట్టు చెక్కితే ట్రిమ్. వెదురు చీలిస్తే స్ప్లిట్. రాసిన ప్రతి ముక్కా నాకు చదివి వినిపించి "ఇలాగేనా?" అని అడిగేవారు. నేను తలూపితే కుడి జేబులో వేసేవారు. అనుమానంగా చూస్తే ఎడం జేబులో. అంత చదువుకున్నాయన నా తల ఊపు కోసం చూస్తుంటే నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు.

ఒకరోజు కత్తి ఇమ్మని తనే ఒక గడ నరికారు. నడుము వంగక మూరెడు పైన నరికారు. "అలా పైన నరికితే ఎలాగండీ, మొదలు దగ్గరి తీపంతా పొలంలోనే ఉండిపోద్ది" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. "నాకు డిక్షనరీలో దొరకనివి నీ గట్టు మీద దొరుకుతున్నాయయ్యా" అన్నారు. నా జీవితంలో నన్ను ఎవరైనా మెచ్చుకున్న మాట అదొక్కటే అనుకుంటాను.

ఇంటికి కూడా వచ్చేవారు. మా ఆవిడ లోపల్నించి, "మీ పెద్ద స్టూడెంటు వచ్చారు, పాఠం చెప్పండి" అని నన్ను ఆటపట్టించేది. దొండకాయలు తరగడమా కోయడమా అని మేమిద్దరం ఆయన ముందే వాదించుకున్నాం. చక్రాల్లా అయితే తరగడం, గుత్తికూరకైతే కోయడం అని మా ఆవిడ తీర్పు చెప్పింది. ఆయన కాఫీ చల్లారబెట్టుకుని రాసుకుంటూ కూర్చున్నారు.

ఇంతలో బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చారు. ఆదివారం గదిలో తణుకు నుంచి ఒకాయన్ని పిలిపించి గైడు చెప్పిద్దామని ఆయన ఆలోచన. తల్లిదండ్రుల మీటింగు పెట్టి తేల్చేద్దామన్నారు. ముందురోజు మాస్టారు నా దగ్గరకొచ్చారు.

"రేపు నువ్వు రావాలి. కత్తి పట్టుకుని ఏమేం చేస్తావో నాలుగు మాటలు చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"అలాగేనండి" అన్నాను. అన్నాను కదా.

ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. హాలు నిండా జనం. ముందు వరసలో ప్రెసిడెంటు గారు. నేను కౌలుకి చేసే పొలం వాళ్ళదే. హెడ్మాస్టరు గారు మర్యాదగానే మాట్లాడారు. "మాస్టారూ, మీరు పెద్దలు. కానీ పరీక్షలో ఇవన్నీ అడగరు కదండీ. కట్ అంటే కోయు. అయిపోయింది. పొలాల్లో మాటలు రాసుకుని పిల్లలేం చేస్తారండీ?"

మాస్టారు లేచి, "ఆ మాటలు వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నవేనండి. నేను చెప్పడమెందుకు, అతన్ని అడగండి" అని నన్ను చూపించారు.

అందరూ వెనక్కి తిరిగారు. ప్రెసిడెంటు గారు, "ఏరా, మాస్టారికి నువ్వే ఇంగ్లీషు చెప్తున్నావంటగా!" అన్నారు. హాలంతా గొల్లుమంది.

నేను నిలబడ్డాను. నరకడం, చెక్కడం, చీల్చడం, అన్నీ నోటి దాకా వచ్చాయి. బురద కాళ్ళతో బళ్ళోకి వచ్చినట్టు అనిపించింది ఆ మాటలు చూస్తే. ప్యాంట్లు వేసుకున్నవాళ్ళ ముందు ఇవేం మాటలు అనుకున్నాను. మాస్టారు కాగితం ముక్కలు చేతిలో పట్టుకుని, నేను తల ఊపడం కోసం చూసేవారే, అలాగే చూస్తున్నారు.

"ఏముందండీ... అంతా కోయడమేనండి" అన్నాను.

మళ్ళీ నవ్వారు. మాస్టారు ఒక్కరూ నవ్వలేదు. చేతిలో ముక్కలు అంచులు సరిచేసుకుని జేబులో పెట్టుకున్నారు. "సరేనయ్యా, కూర్చో" అన్నారు. ఆ సాయంత్రమే గది తాళం చెవి బంట్రోతుకి ఇచ్చేశారట.

ఇంటికొస్తే మా ఆవిడ, "ఇంట్లో దొండకాయ కోసం నాతో గంట వాదించారు. అక్కడ నోరు పడిపోయిందా?" అంది. ఆ పూట నాకు అన్నం పెట్టి తను తినలేదు. మా తమ్ముడి కూతురు గైడు బట్టీపట్టింది. ఇంగ్లీషులోనే తప్పింది. మళ్ళీ పరీక్షకి కట్టలేదు. నన్ను పెదనాన్నా అని పిలవడం తగ్గించింది.

తర్వాత మాస్టారు కనబడతారని వీధి మానేసి కాలవ గట్టు మీదుగా తిరిగేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. ఒకసారి తణుకు బస్టాండులో ఎదురుపడ్డారు. తప్పుకోవడానికి చోటు లేదు. ఆయనే పలకరించారు.

"ఏమయ్యా, చెరుకు నరికేశారా?"

కోశారా అనలేదు. నరికేశారా అన్నారు.

"అయిపోయిందండి" అన్నాను. తప్పయిపోయింది మాస్టారూ అనాలి. ఆ రెండు మాటలు కూడా రాలేదు. ఆయన బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపారు, మామూలుగానే.

ఆయన పోయిన రోజు, పొలం నుంచి నేను వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. పాడె కోసం పచ్చి వెదుళ్ళు తెచ్చి వీధిలో పడేశారు. కుర్రాళ్ళకి చేత కావడం లేదు. కత్తి తీసుకుని కూర్చున్నాను. అరుగుకి నాలుగడుగుల దూరం.

"వెదురు నరుకుతున్నానండి" అన్నాను, పైకే.

పక్కనున్నవాడు చూశాడు. "ఏంటి బాబాయ్?"

"కణుపులు చెక్కుతున్నానండి. బద్దలు చీలుస్తున్నానండి."

"ఎవరితో మాట్లాడుతున్నాడ్రా ఈయన" అని ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. పెద్దవాళ్ళెవరో వాణ్ణి కసిరారు. నేను ఆగలేదు. పని అయ్యేదాకా చేస్తున్న ప్రతి పనికీ పేరు చెబుతూనే ఉన్నాను. గొంతు చిన్నదే. హాల్లో అయితే రెండో వరస దాకా కూడా వినబడేది కాదేమో.

పాడె లేపాక అందరూ ముందుకు వెళ్ళారు. నేను కత్తి ఎక్కడ పెట్టాలో తెలియక వెనకబడ్డాను. లోపల ఇల్లు కడుగుతున్నారు. కడిగిన నీళ్ళు గుమ్మం దాటి, మెట్లు దిగి వీధిలోకి వచ్చాయి. నేను చెక్కిన పచ్చటి వెదురు పేళ్ళు ఆ నీళ్ళలో ఒక్కొక్కటే లేచి, కాస్త తిరిగి, ఒకదాని వెనక ఒకటి పల్లానికి సాగిపోయాయి.