సకినాల డబ్బా

మొన్న శనివారం కందిపప్పు కోసం ప్రెస్‌లో చెయ్యి పెట్టాను. ఈ దేశంలో వంటింటి అల్మారాని ప్రెస్ అనే అంటారు, నాకూ ఆ మాటే అలవాటైపోయింది. వెనక మూలన చల్లగా ఒక స్టీలు డబ్బా తగిలింది. ముందుగా మా ఆయన మీద అనుమానం వచ్చింది. నేను లెక్కపెట్టి ఉంచిన జంతికల్ని వేరే డబ్బాలోకి మార్చి దాచుకునే మనిషి ఆయన. మూత తీస్తే ఖాళీ. అనుమానం ఇంకాస్త గట్టిపడింది. తిరగేసి చూస్తే అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనిపించింది. మా రెండు వైపుల చుట్టాల్లో ఎవరి పేరూ కాదు. ఎవరిదో గుర్తొచ్చేసరికి అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. మా అమ్మాయి వచ్చింది. నేను తెలుగులో ఏమడిగినా ఇక్కడి ఐరిష్ యాసతో ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చే పిల్ల అది. "హూజ్ నేమ్ ఈజ్ దట్, అమ్మా?" అంది. మా అక్క వాళ్లమ్మ పేరన్నాను. నాకు అక్కచెల్లెళ్లు లేరని దానికి తెలుసు. కళ్లు చిన్నవి చేసి నన్ను ఎగాదిగా చూసింది. నా కూతురే, సందేహం లేదు.

ఈ అనుమానం మాకు వంశంలోనే ఉంది. మా నాన్నమ్మ గేదెను తన కళ్లముందే పిండించుకునేది, అయినా పాలవాడి చెంబు ముందుగా బోర్లించి చూసేది, అడుగున నీళ్లున్నాయేమోనని. నేను ఆవిడ కాళ్ల దగ్గర పెరిగాను. భీమవరం నుంచి మెయ్‌నూత్ యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చినప్పుడు మా అమ్మ ఆవకాయ, కందిపొడి, స్వెట్టర్లు కట్టిచ్చింది. నాన్నమ్మ మాత్రం చిన్న తాళంకప్ప ఇచ్చి, "ఎవర్నీ నమ్మకమ్మా" అంది. ఆవకాయ రెండు నెలల్లో అయిపోయింది. తాళంకప్ప చాలా కాలం పనికొచ్చింది.

మెయ్‌నూత్‌లో కాలువ పక్క వీధిలో ఒక ఇంట్లో పై గది నాకు దొరికింది. పక్క గదిలో నా క్లాసులోనే చదివే కరీంనగర్ అమ్మాయి ఉండేది. మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చింది కాబట్టి నాకన్నా పెద్దది, అందుకని అక్కా అనేదాన్ని. పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచి వెళ్లేవాళ్లం. సన్నటి వాన పడుతూనే ఉండేది, గొడుగు తెరిస్తే గాలికి తిరగబడేది, నాలుగో గొడుగు తర్వాత నేనూ అందరిలాగే తలకి టోపీ లాక్కుని నడవడం నేర్చుకున్నాను. మధ్యాహ్నం లైబ్రరీ బయట బెంచీ మీద డబ్బాలు విప్పితే మా పులిహోర వాసనకి ఉడతలు దగ్గరికొచ్చేవి. ఇక్కడి ఉడతలు పిల్లికూనంత ఉంటాయి, మనిషంటే భయం లేదు. వాటినీ నేను నమ్మలేదు.

ఒకసారి వాళ్లమ్మ ఎవరి చేతనో సకినాలు పంపింది. అక్క తన కోసం కొన్ని ప్లేట్లోకి తీసుకుని మిగతా డబ్బా మొత్తం నా చేతిలో పెట్టింది. "డబ్బా మాత్రం ఉట్టిగ తిరిగియ్యకు. మా అమ్మ ఊకోదు," అంది నవ్వుతూ. మా ఇంట్లోనూ అంతే. ఎవరి గిన్నె వచ్చినా కనీసం గుప్పెడు పంచదారైనా వేసి పంపిస్తాం. సకినాలు నాలుగు రోజుల్లో అవగొట్టాను. డబ్బాలో ఏం పెట్టివ్వాలా అని ఆలోచిస్తూ ప్రెస్‌లో నా అరలో ఉంచాను.

ఆ వారంలోనే డిపార్ట్‌మెంట్ నుంచి ఈమెయిల్ వచ్చింది. నేను ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టు ఇంకో విద్యార్థి రిపోర్టుతో దాదాపు అక్షరం అక్షరం సరిపోయిందట, ఎవరు ఎవరిది చూసి రాశారో తేలేదాకా ఇద్దరి మార్కులూ ఆపేశారట, నేను చెప్పుకోవలసింది రాసి పంపాలట. ఆ ఇంకొకరి పేరు చెప్పరు. తప్పు నా మీదికొస్తే చదువు ఆగుతుంది, చదువు ఆగితే వీసా ఆగుతుంది. ముందు వెళ్లి అక్కకి చూపించాను. వంటింటి బల్ల దగ్గర మూడు వారాలు కూర్చుని ఒక్కో వాక్యం కూడగట్టుకున్న రిపోర్టు అది. నా లాప్‌టాప్ ఇంకొకరి చేతికి వెళ్లింది ఒకే ఒక్కసారి. అక్క బస్ టికెట్ ప్రింట్ చేసుకోవాలని అడిగి తీసుకుంది.

అంతే, ఇక నాకు అన్నీ కనిపించసాగాయి. అక్క ఫోన్లో మాట్లాడుతూ నేను వంటింట్లోకి రాగానే గొంతు తగ్గించేది. "తర్వాత చేస్త" అని పెట్టేసేది. నాకన్నా ముందే కాలేజీకి వెళ్లిపోయేది. రోజుకి రెండుసార్లు, "డిపార్ట్‌మెంటోళ్లు ఏమన్న చెప్పిన్రా?" అని అడిగేది. నీకెందుకంత ఆత్రం, అనుకునేదాన్ని. పాస్‌వర్డ్ మార్చాను. ప్రెస్‌లో నా అర తలుపుకి నాన్నమ్మ తాళం వేశాను, రిపోర్టుకీ పప్పుకీ ఏం సంబంధమో నాకే తెలియదు. కలిసి తినడం మానేసి నా అన్నం గదిలోకి తెచ్చుకున్నాను. "ఏందే, ఒంట్ల బాగలేదా?" అంటూ అక్క తలుపు దగ్గర నిలబడితే, చూడు ఎంత నటనో అనుకున్నాను. చివరికి డిపార్ట్‌మెంట్‌కి రాసిన ఉత్తరంలో అక్క పేరు పెట్టేశాను. నా లాప్‌టాప్ ఆమె ఒక్కతే వాడిందని, ఆ తర్వాత నుంచి ఆమె ప్రవర్తన తేడాగా ఉందని. పంపించాక మనసు తేలికపడింది. అదే ఇవాళ నాకు ఎక్కువ సిగ్గనిపించే సంగతి.

పది రోజుల తర్వాత పిలిచారు. మా లెక్చరర్ నెరిసిన జుట్టావిడ, మొహంలో ఏమీ కనిపించనివ్వదు. నేను కూర్చోకముందే "యూ ఆర్ గ్రాండ్" అంది, ఏం భయం లేదని. ఆ రెండో విద్యార్థి తనే వచ్చి ఒప్పుకున్నాడట. నా రిపోర్టు అతనికి ఎవరూ దొంగిలించి ఇవ్వలేదు. కాలేజీలో చేరిన మొదటి వారంలో నేనే నా ఫోల్డర్ లింకు మన తెలుగు స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, "మెటీరియల్, అందరికీ ఉపయోగపడుతుంది" అని రాసి మరీ. బీటెక్ నాలుగేళ్లూ సీనియర్ల మెటీరియల్‌తో గట్టెక్కిన వాళ్లం, మన దగ్గరున్నది పదిమందికి పెట్టకపోతే ఏదో వెలితి. ఆ సంగతి మర్చిపోయి, ఏడాదంతా రాసినవన్నీ ఆ ఫోల్డర్‌లోనే దాచుకుంటూ వచ్చాను. పప్పుకి తాళం వేసి వీధి తలుపు బార్లా తీసి పెట్టానన్నమాట.

లెక్చరర్ ఇంకో కాగితం తీసింది. నా ఉత్తరం అందాక వాళ్లు అక్కని కూడా వివరణ అడిగారట. అక్క జవాబు ఆవిడ మెల్లగా చదివి వినిపించింది. టికెట్ ప్రింట్ చేయడానికి తప్ప ఆ లాప్‌టాప్ ముట్టుకోలేదనీ, ఈ రిపోర్టు మాత్రం నేనే రాశాననీ, మూడు వారాలపాటు వంటింటి బల్ల దగ్గర నేను రాస్తుంటే కళ్లారా చూశాననీ, కావాలంటే ఎక్కడైనా వచ్చి చెప్తాననీ రాసింది. నా మీద ఒక్క మాట లేదు. బయటికొస్తే మెట్ల దగ్గర, ఒప్పుకున్న ఆ క్లాస్‌మేట్ తల దించుకుని నిలబడి ఉన్నాడు, మిగతాది అతనే చెప్పాడు. అక్క గ్రూపులో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆరా తీసిందట, అతను దొరికాక వారం రోజులు వదలకుండా నచ్చజెప్పి ఒప్పుకోమని పంపిందట. నేను వస్తే గొంతు తగ్గించి మాట్లాడిన ఫోన్లు అవే.

ఇంటికెళ్లేసరికి అక్క టమాటా పప్పు తాలింపు వేస్తోంది. "ఏమన్నరు?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండా. "ఏం లేదన్నారు" అన్నాను. "మంచిగైంది. తిన్నవా?" లేదని తలూపాను. కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి వేసి నా ముందుకి జరిపింది. చెప్పాల్సిన మాట నా నాలుక చివరే ఉంది. ఎదురుగా ప్రెస్‌లో నా అర తలుపుకి తాళం వేలాడుతోంది, పక్కన తన అర ఎప్పటిలాగే ఓరగా తెరిచే ఉంది. నేను తల వంచుకుని తిన్నాను. మారు కూడా పెట్టించుకున్నాను. ఆ తర్వాత రోజుకొక సాకు దొరికింది, పరీక్షలని, రిజల్ట్స్ రానీ అని. ఎండాకాలంలో అక్కకి కార్క్ దగ్గర రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. కార్క్ బస్సు ఎక్కేముందు నా నెత్తిన చెయ్యి వేసి "పైలం" అంది, జాగ్రత్తని. డబ్బా గురించి అడగలేదు. తాళం వేసిన అరలోది ఎలా అడుగుతుంది?

ఇదంతా మా అమ్మాయికి చెప్పలేదు. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని మాత్రం చెప్పాను. అది డబ్బా చేతిలోకి తీసుకుని, మరి ఇన్నేళ్లూ ఎందుకివ్వలేదు, ఏం పెట్టాలో తెలియలేదా అంది ఇంగ్లిష్‌లో. తెలియక కాదు. ఇవ్వాల్సింది ఆ రోజు నోటిదాకా వచ్చింది, పప్పన్నంతో కలిపి మింగేశాను, పదేళ్లు దాటినా ఇంకా అరగలేదు.